పెనుకొండ బేస్తవారం

ఆ రోజుల్లో మా హిందూపురంలో క్యాలెండర్ ఇవ్వని అంగడిని ఎవరూ అంగడిగా లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, తేదీ కావాలంటే దాన్నే తడుముకుంటున్నారు. అప్పట్లో డిసెంబరు వచ్చిందంటే చాలు, మర్యాదస్తులనుకున్నవాళ్ళు కూడా కొత్తిమీర కట్ట కొనే నెపంతో పోయి క్యాలెండర్ కోసం అంగడి గడప పట్టుకుని వేలాడేవాళ్ళు. ఏడాది పొడుగునా ఒక్క అగ్గిపెట్టె కొనని మనిషి వచ్చి "ఏమన్నా, మాకు ల్యా?" అని నిలదీసేవాడు. ఇంటికి తీసుకుపోయి పాత క్యాలెండర్ మీదే మేకు కొట్టి తగిలించేవాడు. దేవుడి బొమ్మల క్యాలెండర్లన్నీ శివకాశి నుంచి తయారై వచ్చేవి. వాటి నెత్తిన అంగడి పేరు అచ్చేయడం ఒక్కటే మా ప్రెస్సు చేసే ఘనకార్యం. అంతమాత్రానికే మేము పెద్ద బోర్డు పెట్టుకుని, విజిటింగ్ కార్డులు కూడా కొట్టించుకున్నాం (మా ప్రెస్సులోనే, ఒక అచ్చుతప్పుతో). ఆ బోర్డు కింద కంప్యూటర్ ముందు కూర్చుని, లోకంలో తనకు తెలియనిది లేదనుకుంటున్న డిగ్రీ పాసైన మేధావిని నేను. ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చిపోతూ, ఆ రైల్లో ఉన్నవాళ్ళందరినీ చూసి జాలిపడుతుండేవాణ్ణి. నా మీద ఎవరు జాలిపడ్డారో నాకు తెలియదు. అందరూ పడే ఉంటారు.

ప్రెస్సు యజమానిని ఊరంతా పంచాంగం మామ అని పిలిచేది. వరుసకు నాకేమీ కాడు, అయినా నాకూ మామే. పెళ్ళి పత్రికలంటే ఆయనకు ప్రాణం. ఎవరు పత్రిక రాసుకొచ్చినా వధూవరుల పేర్లు చూడడు. తిథి, వారం, నక్షత్రం చూస్తాడు. అవి కుదరలేదనిపిస్తే ఇచ్చినవాళ్ళను అడగడు, తనే సర్దేస్తాడు. "రాసిచ్చినోళ్ళకు ఏం తెలుస్తాదప్పా, పెండ్లి గలాటాలో ఉంటారు" అంటాడు. ఎప్పుడో మడకశిర వైపు నుంచి వచ్చిన ఒక పత్రికలో సప్తమి ఉండాల్సిన చోట అష్టమి ఉంటే ఈయన దిద్దాడట. తర్వాత పురోహితుడే వచ్చి ఈయనకు నమస్కారం పెట్టిపోయాడట. ఆ కథ నాకు తరచుగా వినిపించేవాడు. చెప్పినప్పుడల్లా ఆ పురోహితుడు ఇంకొంచెం కిందికి వంగేవాడు (నేను ఉద్యోగంలో కుదురుకునేసరికి సాష్టాంగం దాకా వచ్చింది). ఆ ఒక్క విజయంతో, ప్రపంచంలో ఎవరు ఏ కాగితం ఇచ్చినా తప్పుగానే రాసిస్తారని ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడింది. కంప్యూటర్ తెలియని మనిషిని చూసి నవ్వుకోవడం నాకు ఆ వయసులో పెద్ద కాలక్షేపం.

ఇంతలో దసరా ముందర దీవి అన్న దిగాడు. ఈయనది పెనుకొండ. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి ఉంది. పేరు చెప్పను, చెబితే ఆ దీవి వాళ్ళకూ నాకూ ఇద్దరికీ నామోషీ. ఇక్కడ సీటు రాని మన పిల్లలు డాక్టర్లు కావడానికి వెళ్ళే దీవుల్లో అదొకటి. అన్నం, చారు లేనిదే మన పిల్లలకు వైద్యశాస్త్రం తలకెక్కదు కాబట్టి, వాళ్ళకు వండిపెట్టడానికి వంటమనిషిగా పోయాడు ఈయన. తర్వాత అక్కడే ఒక అంగడి పెట్టుకుని స్థిరపడ్డాడు. సెలవు మీద పెనుకొండ వచ్చి, నన్నూ మామనూ ఇంటికి పిలిపించుకున్నాడు. కిటికీలోంచి కోట కొండ కనబడుతుండగా, మా చేతుల్లో కాఫీ పెట్టి మనసులో మాట బయటపెట్టాడు.

"అంగడి పెట్టి ఇన్నాండ్లయ, ఒక్క క్యాలెండరన్నా ఇచ్చింది లేదప్పా. ఆ దీవోళ్ళకు ఆ అలవాటే ల్యా, ఎవురూ అడగరు. కానీ నాకే ఒక మాదిరిగా ఉండాది."

చూశారా జబ్బు! సముద్రాలు దాటిపోయినా మనవాడికి క్యాలెండర్ ఇవ్వకపోతే కడుపులో నొప్పి. అయితే అది మామూలు క్యాలెండర్ కాదు. తేదీలు, పండగలు, సెలవులు అన్నీ ఆ దీవివే ఉండాలి, ఇంగ్లీషులో ఉండాలి. శివకాశి వాళ్ళు అలాంటిది చేసి పెట్టరు, కనుక మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా మేమే కూర్చాలి. ఆ పని నా నెత్తిన పడింది. దీవి అన్న నా భుజం మీద చెయ్యేసి, నా బతుకును తలకిందులు చేసిన మాట అన్నాడు. "నువ్వు చానా చురుకుగా ఉండావప్పా. ఆడ బిల్లులు, బోర్డులు, కంప్యూటరు చూసేకి నాకొక మనిషి కావాల. క్యాలెండరు మాత్రం నా పరువు నిలిపేట్లు రానీ, నిన్ను పిల్చుకొని పోతా."

ఆ సాయంత్రం పెనుకొండ స్టేషన్లో ధర్మవరం బండి కోసం నిలబడ్డవాడూ, మరునాడు హిందూపురంలో దిగినవాడూ ఒక్కడే అనుకుంటే పొరపాటు. రాత్రికి రాత్రి నేను విదేశీయుణ్ణి అయిపోయాను. నల్లద్దాలు కొన్నాను. పాస్‌పోర్టుకు అర్జీ పెట్టాను. రైల్లో వేరుశనక్కాయలమ్మే ఆమెకు కూడా ఆ దీవి ఎక్కడుందో గాల్లో గీసి చూపించాను. పూలపూల నిక్కరొకటి తెచ్చుకుని ఇంట్లో వేసుకుంటే మా అవ్వ కళ్ళు చికిలించి చూసింది. "ఏందిరా ఇది, దిండు గలీబు కట్టుకుంటివి?" మగ్గం గుంతలో కూర్చున్న మా నాయన నా వర్ణనంతా విని, అటూ ఇటూ తిరిగే నాడె ఆపి ఒకే మాట అడిగాడు. "చుట్టూ నీళ్ళేనా? మనకు ఒక పక్క వచ్చినా సాలు గదరా." ఇలాంటి మొరటు మనుషుల మధ్య నేనెలా పుట్టానా అని అప్పుడు నాకు నిజంగానే బాధ కలిగింది.

పని మొదలైంది. దీవి అన్న ఇచ్చిన కాగితంలో ఏడాది సెలవులన్నీ వరసగా ఉన్నాయి. నేను కంప్యూటర్లో కొడుతుంటే మామ వెనక స్టూలు మీద కూర్చుని ఒక్కో పండగకూ తీర్పు చెప్పేవాడు. ఈస్టరు మర్నాడు సోమవారం సెలవంటే, "సోమారం మంచిదే, శివునిది. ఉండనీ" అని అనుమతి ఇచ్చాడు. ఏదో పూజ బేస్తవారం నాడు వస్తుందంటే ఎంతో సంతోషించాడు (గురువారాన్ని మావైపు పెద్దవాళ్ళు బేస్తవారం అంటారు, మామ అయితే బేస్తారం అంటాడు, ఆ రోజంటే ఆయనకు అన్నిటికన్నా మక్కువ). ఆగస్టు మొదట్లో ఒక సెలవుంది. అదేమిటని అడిగితే, బానిసలుగా తెచ్చినవాళ్ళకు విడుదల దొరికిన రోజని చెప్పాను. మామ స్టూలు ముందుకు జరుపుకుని ఆ తేదీని వేలితో తాకాడు. తర్వాత "దీన్ని పెద్దచ్చరాలతో ఎయ్" అన్నాడు. ఆ ఒక్క నిమిషం ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మరుసటి నిమిషంలోనే ప్రతి తేదీ కింద రాహుకాలం వేయమన్నాడు.

"మామా, రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి వస్తాది. మన టైము వాళ్ళకు ఎట్ల సరిపోతాది? మనకు సాయంత్రమైతే వాళ్ళకు తెల్లారతాది."

"సూర్యుడు ఆడ వేరే ఉండాడా?" అన్నాడు మామ.

నా డిగ్రీని పక్కన పెట్టి టైములు కొట్టడం మొదలుపెట్టాను. హిందూపురం రాహుకాలం దీవికి ఎక్కింది. పోనీలే, దానివల్ల ఎవరి కొంపా మునగదని ఊరుకున్నాను. అసలు గొడవ ఫిబ్రవరి కాగితం దగ్గర వచ్చింది. ఆ దీవిలో అన్నిటికన్నా పెద్ద పండగ కార్నివాల్. సోమ, మంగళ రెండు రోజులూ ఊరు ఊరంతా రంగురంగుల ఈకలు తగిలించుకుని, పూసలు కట్టుకుని, డప్పులతో వీధిలో చిందులేసి ఎగురుతుంది. దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తారు, బట్టలు కుట్టించుకుంటారు, పాటలు కట్టుకుంటారు. బుధవారం తెల్లారితే చర్చికి పోయి నుదుట బూడిద పెట్టించుకుంటారు. ఇక అక్కడి నుంచి ఈస్టరు దాకా ఉపవాసాలు, మాంసం మానడాలు. ఇదంతా నెట్ సెంటర్‌లో చదివి మామకు ఎంతో ఓపికగా చెప్పాను. ఆయన తన పంచాంగం తెరిచి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆ వారం మీద వేలు పెట్టాడు.

"సోమారం శివరాత్రి. ఒక్క పొద్దుండి జాగారం చేసే దినం. ఆ పొద్దు తాగి ఎగిరేదేంది? మంగళారం అమాస. అమాస మంగళారం పూట చంటిబిడ్డను బయటికి తేరు, వీళ్ళు పండగ పెట్టుకుంటారా? రాసిచ్చినోడు తప్పు రాసిచ్చినాడు పో."

"తప్పు కాదు మామా, చర్చి వాళ్ళు ఈస్టరును బట్టి లెక్క కడతారు."

"చర్చోళ్ళకు మాత్రం చంద్రుడు ల్యాడా? బుధవారం బూడిద పూసుకుంటారని నువ్వే చెప్తివి. శివరాత్రి అయినాక విభూతి, అది సరిపోయ. ఆ ఎగిరేది మాత్రం బేస్తారం ఉంటాది. విదియ, బేస్తారం, దివ్యంగా ఉండాది."

నేను లేచి నిలబడ్డాను. ఇది హిందూపురం పెళ్ళి పత్రిక కాదని, ఒక దేశం పండగ అని, దేశం పండగను మనం పక్కకు జరపకూడదని గట్టిగానే చెప్పాను. నా ప్రయాణం మొత్తం ఈ క్యాలెండర్ మీద ఆధారపడి ఉందని కూడా దాచుకోకుండా చెప్పాను. మామ నన్ను అలాగే చూసి, "సరేలే, ఊరికే సుమ్నే ఉండు" అన్నాడు. ఆయన సరేలే అంటే భయపడాలని నాకప్పటికి తెలియదు. సోమ మంగళవారాల్లోనే కార్నివాల్ పెట్టి, ఆ ఫైలు దీవి అన్నకు మెయిల్లో పంపాను. బ్రహ్మాండంగా ఉంది, అచ్చేయమని జవాబొచ్చింది. మరునాడు పాస్‌పోర్టు పని మీద అనంతపురం పోయాను. నేను ఒక వైపు విదేశయానానికి వేలిముద్రలు ఇస్తుంటే, ఇంకో వైపు మామ పక్క వీధి ఫోటో స్టూడియో కుర్రాణ్ణి పిలిపించి, నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కార్నివాల్‌ను ఎత్తి బేస్తవారంలో దింపించాడు. నేను తిరిగి వచ్చేసరికి మిషన్ తిరుగుతోంది.

ఏం, అచ్చయిన కాగితాలు నువ్వు చూసుకోలేదా అని మీరు అడగొచ్చు. చూసుకున్నాను. ఎంతో శ్రద్ధగా చూసుకున్నాను. డిసెంబరు కాగితం అడుగున చిన్నక్షరాల్లో 'డిజైన్' అని ఉండి, దాని పక్కన నా పేరుంది. ప్రతి క్యాలెండరూ తెరిచి ఆ పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసి, మురిసి, మూశాను. ఫిబ్రవరిలో నా పేరు లేదు కాబట్టి ఫిబ్రవరితో నాకు పని లేకపోయింది. టిన్ను పట్టీలు బిగించి, చుట్టలు చుట్టి, సెలవులకు వచ్చి మళ్ళీ ఆ దీవికి పోతున్న మెడిసిన్ పిల్లల సూట్‌కేసుల్లో ఇరికించాం. అలా మా క్యాలెండర్లు గోంగూర పచ్చడి సీసాల మధ్య పడుకుని, బెంగళూరులో విమానమెక్కి సముద్రాలు దాటాయి.

జనవరిలో సంక్రాంతి వారం కూడా దాటకముందే దీవి అన్న దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. హలో అనలేదు, బాగున్నావా అనలేదు.

"నా పరువు నిలుపప్పా అంటే తీసి వీధిలో పారేస్తివి గదప్పా! కార్నివాల్ యాడ పెట్టినావు? బేస్తారం! ఉపవాసాలు మొదలైనాక! చర్చి ఫాదరే వచ్చి నా క్యాలెండరు పట్టుకొని, ఏమయ్యా, దేవుణ్ణి మార్చినావా, పండగను మార్చినావా అని అడగబట్టె. ఊరంతా నగుతాండారు!"

ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో గోడ మీది దీవి క్యాలెండర్ తిప్పి చూశాను. బేస్తవారం గడిలో ఎర్రటి అక్షరాలు, పైగా పక్కనే ఒక చిన్న పువ్వు బొమ్మ. ఆ క్షణంలో నా నోటికి వచ్చిన మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అన్నా, దేవుని తోడు, నేను కాదు! నాకూ దానికీ ఏ సంబంధమూ ల్యా. నేను సరిగ్గానే ఏసింటి. నేను లేనప్పుడు మామ మార్పించినాడు. మొత్తం మామే!" మాటలతో తృప్తి పడలేదు. నేను పంపిన పాత మెయిల్ మళ్ళీ పంపాను, స్టూడియో కుర్రాడి చేత కూడా ఫోన్లో సాక్ష్యం చెప్పించాను. ఆ బేస్తవారానికి కర్త, కర్మ, క్రియ అన్నీ పంచాంగం మామేనని, నాకు అందులో వెంట్రుకవాసి పాలు కూడా లేదని దీవి అన్న మెదడులో మేకు కొట్టినట్టు కొట్టాను. ఇంత పకడ్బందీగా నేను జీవితంలో ఇంకే పనీ చేయలేదు.

తర్వాత మామ మీద పడ్డాను. "ఎవుర్ని అడిగి మార్చినావు మామా?"

"ఎవుర్నన్నా అడిగే మనిషినైతే మారుస్తానా?" అన్నాడు మామ, ఏమాత్రం చలించకుండా.

దీంతో ఆయనతో మాటలు మానేశాను. ఒకే గదిలో ఉంటూ, కావలసిందేదో చీటీ మీద రాసి బల్ల మీద పెట్టేవాణ్ణి. ఆయన ఆ చీటీలో తప్పులు దిద్ది తిరిగి ఇచ్చేవాడు. పాస్‌పోర్టు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటికి వచ్చింది, వెక్కిరించడానికన్నట్టు. అవ్వ దాన్ని దేవుడి పటం ముందర పెట్టి పసుపు పూసింది. నేను రాత్రిపూట ఆ పసుపు తుడుస్తూ ఏడ్చానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. దీవి కాదు, సముద్రం కాదు. ఈ ఊరి నుంచి, ఈ ప్యాసింజర్ బండి నుంచి, ఇంకొకరి అంగడి పేర్లు అచ్చేసే ఈ బతుకు నుంచి బయటపడే తలుపు ఒక్కటే తెరుచుకుంది, దాన్ని ఒక ముసలాయన మూసేశాడని నా కడుపు మండిపోయింది.

ఇక దీవిలో ఏం జరిగిందో తర్వాత అన్న నోటే విన్నాను. ఊరంతా నవ్వుతుంటే ఆయన రోషం కొద్దీ ఒక నిర్ణయం తీసుకున్నాడు. పెనుకొండవాడికి పౌరుషం తక్కువా? క్యాలెండర్లో బేస్తవారం పండగ అని అచ్చయింది కనుక, తన అంగడి వరకు ఆ రోజు పండగే అని బోర్డు పెట్టాడు. అసలు కార్నివాల్ సోమ, మంగళవారాల్లో ఎప్పటిలాగే అదిరిపోయేట్టు జరిగింది. బుధవారం జనం బూడిద పెట్టుకుని ఇళ్ళకు పోయారు. బేస్తవారం నాటికి ఎగిరెగిరి కాళ్ళు పీకుతున్నాయి, జేబులు ఖాళీ, నోట్లో మాంసం పెట్టకూడదు. అలాంటి రోజున మన అన్న అంగడి ముందు బల్లలు వేసి, మెడిసిన్ పిల్లలను సాయం పెట్టుకుని, చిత్రాన్నం, పప్పు, ఉర్లగడ్డ కూర, ఓళిగలు (బొబ్బట్లంటే మీకు తెలుస్తుంది), అన్నీ మాంసం లేనివే, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు పెట్టాడు. మొదట పిల్లలు వచ్చారు, తర్వాత వాళ్ళ అమ్మలు. మధ్యాహ్నానికి వీధి నిండిపోయింది. చివరికి చర్చి ఫాదర్ కూడా వచ్చి, ఓళిగను రెండుసార్లు అడిగి పెట్టించుకుని, ఉపవాస దినాలకు ఇంత తగిన పండగ ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో అన్నాడట. క్యాలెండర్ ఎక్కడ దొరుకుతుందని జనం ఎగబడ్డారు. రాహుకాలం గురించి కూడా అన్న చెప్పేశాడు. ఆ గంటన్నరలో కొత్త పని మొదలుపెట్టకూడదని తెలిశాక, ఆ దీవిలో పని ఎగ్గొట్టాలనుకున్న ప్రతివాడికీ హిందూపురం టైము ఆధారమైంది.

మార్చిలో ఫోన్ వచ్చింది. ఈసారి గొంతులో తేనె కారుతోంది. "ఏమప్పా, బాగుండావా? ఆ బేస్తారం పెట్టింది మామనే కదా? నువ్వు కాదు కదా?"

నాకు ఏదో అర్థమయ్యీ కానట్టు ఉంది. "అంటే అన్నా... ఇద్దరమూ కూచొనే..."

"ల్యాల్యా, నువ్వు కాదని దేవుని తోడు పెట్టి చెప్తివి, మెయిల్ కూడా పంపితివి. వచ్చే ఏడాది రెండో అంగడి తెరుస్తాండా, ఆ బేస్తారం దినమే. ముహూర్తం పెట్టినాయనే వచ్చి కొబ్బరికాయ కొట్టల్ల. టికెట్టు పంపిస్తా, పాస్‌పోర్టు చేపించుకోమను."

"మరి నేను, అన్నా?" అన్నాను.

"నువ్వు చానా కరెక్టు మనిషివప్పా" అన్నాడు దీవి అన్న, ఎంతో ప్రేమగా. "నువ్వొస్తే ఆ దీవోళ్ళ తేదీలు ఆ దీవోళ్ళకే రాసిస్తావు. అవి వాళ్ళ తాన ఉండనే ఉండాయి. నాకు మామ మాదిరి మనిషి కావాల. అయినా నువ్వు కూడా వస్తే ప్రెస్సు ఎవురు చూస్తారు?"

ఆ విధంగా బెంగళూరు దాటి ఎరగని పంచాంగం మామ విమానం ఎక్కాడు. పాస్‌పోర్టు ఎలా చేయించుకోవాలో దగ్గరుండి చూపించింది నేను. ఫారం నింపింది నేను. నల్లద్దాలు అరువిచ్చింది కూడా నేనే (ఎండ ఎక్కువంట కదప్పా, అని అడిగి తీసుకున్నాడు). బయలుదేరే రోజు వర్జ్యం ఉందని టికెట్టు మార్పించమని అన్నను పీడించి సాధించాడు. ఆయన అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను ప్రెస్సులో కూర్చుని బిల్లు పుస్తకాలు కుట్టించాను. ఒక రోజు మెయిల్లో ఫోటో వచ్చింది. వీధి నిండా జనం, వాళ్ళ నడుమ మామ. నుదుట మూడు విభూతి రేఖలు, ఒంటి మీద పంచె, నెత్తిన మాత్రం నెమలి పురి విప్పినట్టు నీలం, ఆకుపచ్చ ఈకల కిరీటం. కళ్ళకు నా నల్లద్దాలు. చేతులు రెండూ పైకెత్తి ఉన్నాడు. దీవించడానికి ఎత్తాడో ఎగరడానికి ఎత్తాడో ఇవాళ్టికీ తెలియదు. ఆ ఫోటో తీసిన రోజు మంగళవారం అని మాత్రం అన్న రాశాడు. తిరిగి వచ్చాక ఏముంది మామా అక్కడ అని అడిగితే, "ఏముంటాదప్పా, మన గంగమ్మ జాతర మాదిరే, ఉప్పుగాలి ఒకటి ఎక్కువ" అని, వచ్చిన రోజే స్టూలు లాక్కుని పెళ్ళి పత్రిక తిథులు దిద్దడానికి కూర్చున్నాడు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. మామకు ఇప్పుడు చూపు ఆనదు, ఇంటి పట్టునే ఉంటాడు. ప్రెస్సు నేనే నడుపుతున్నాను. క్యాలెండర్ వేయించే అంగళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఊళ్ళో జనం ఫోన్లలో మునిగి, ఈరోజు ఏ వారమో కూడా తెలియని స్థితికి ఎదిగారు. ఒక్క దీవి క్యాలెండర్ మాత్రం మానకుండా పోతోంది. సోమ, మంగళ కార్నివాల్, బుధవారం బూడిద, ఆ పక్క గడిలో ఎర్రక్షరాలతో 'పెనుకొండ థర్స్‌డే'. ఆ దీవిలో ఆ పేరే స్థిరపడింది. బడిపిల్లలు కూడా అలాగే అంటారట. పెనుకొండలో ఈ సంగతి ఒక్కడికి తెలిస్తే ఒట్టు. ఒకసారి స్టేషన్ బయట టీ అంగడిలో చెప్పబోతే, "అదేందప్పా, ఆడ ఆ పొద్దు బ్యాంకులు ఉండవా?" అన్నారు.

ఏటా ఆ బేస్తవారం నాడు నేను ప్రెస్సు షట్టరు దించుతాను. భూమి మీద ఆ పండగ చేసుకునే చోట్లు రెండే, ఒకటి ఆ దీవి, రెండోది హిందూపురంలో మా ప్రెస్సు. నేరుగా మామ ఇంటికి పోతాను. అత్త ఓళిగలు చేసి ఉంచుతుంది. మామ ఆ ఈకల ఫోటోను చేత్తో తడిమి, "మంగళారమే అయినా బాగుండెనప్పా" అంటాడు. ఆ మాట ఆయన నోట రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈసారి ఉన్నట్టుండి, "నీ పాస్‌పోర్టు ఉండాదా?" అని అడిగాడు. గడువు ఎప్పుడో తీరిపోయిందని చెప్పాను. ఒక్క ముద్ర కూడా పడని పుస్తకం, అవ్వ పూసిన పసుపు మాత్రం ఒక మూల ఇంకా ఉంది. మామ తన ఓళిగ విరిచి సగం నా ఆకులో వేశాడు.

తిరుగు ప్రయాణంలో బండి పెనుకొండలో ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీద ఒక కుర్రాడు కనిపిస్తాడు నాకు. నల్లద్దాలు, ఎగరేసిన కాలరు, చంకలో క్యాలెండర్ చుట్ట, కళ్ళు నెత్తి మీద. వాణ్ణి చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరే వెధవా, జనవరిలో నీకొక ఫోన్ వస్తుంది. ఎవరు పెట్టారురా ఆ తేదీ అని అడుగుతారు. నేనే పెట్టాను అని చెప్పు, నీ బతుకు బాగుపడుతుంది" అని అరవాలనిపిస్తుంది. కానీ అరిచి లాభం లేదు, వాడు చెప్పడు. దేవుని తోడు, నేను కాదు, అనే అంటాడు. చానా కరెక్టు మనిషి వాడు, పాపం.